తెలుసుకుందాం: కందిరీగ కుడితే ఏం చేయాలి?



పోయిన వారం మన వంటశాల వెనక, చేతులు కడిగే దగ్గర 6వ తరగతి చెల్లెను కందిరీగ కుట్టింది. చెల్లె గట్టిగా ఏడ్చింది. అందరం చుట్టూ చేరినాము. ఒకరు సున్నం పెట్టమన్నారు. ఒకరు ఇనుప గరిటెతో రుద్దమన్నారు. ఇంకొకరు ఉల్లిగడ్డ కోసి పెట్టమన్నారు. ఒకామె పేడ అని కూడా అన్నది. ఎవరు చెప్పింది నిజమో ఎవరికీ తెల్వదు.

నాకు కొంచెం తెలుసు. ఎందుకంటే నన్ను కూడా కుట్టింది. ఆ రోజు జరిగింది ఇప్పటికీ మనసులో ఉంది. అందుకని ఈసారి గోడపత్రికకు కథ రాయకుండా ఈ పాఠం రాస్తున్నాను. మన జీవశాస్త్రం మేడంను అడిగి, పుస్తకాలు చూసి రాసినాను. కొంచెం పెద్దగా ఉంది. అయినా ఓపికగా చివరిదాకా చదవండి. చివర ప్రశ్నలు కూడా ఉన్నాయి.

1. హైటెక్ సిటీలో కందిరీగలు ఉంటాయా?

నన్ను కుట్టింది మా పెంటలో కాదు. అడవిలో కూడా కాదు. హైదరాబాదులో, కొండాపూర్ దగ్గర. అక్కడి నుంచి హైటెక్ సిటీకి ఆటోలో పోవచ్చు. మా అమ్మ, నాయన అక్కడ బిల్డింగు పనికి పోయినారు. పోయిన దసరా సెలవుల్లో నేను వాళ్ళ దగ్గరికి పోయినాను. మా తాత నల్లమలలో తేనె తీసేవాడు. తేనె తీసే ఇంటి పిల్లవు, పట్నం పోయి కందిరీగతో కుట్టించుకున్నావని మా అవ్వ నన్ను ఇప్పటికీ ఎక్కిరిస్తుంది.

హైటెక్ సిటీ అంటే మనం అద్దాల మేడలు, మెట్రో రైలు, కంప్యూటర్లు అనుకుంటాము. అవన్నీ నిజమే. అక్కడ మొదట కట్టిన పెద్ద మేడ సైబర్ టవర్స్. దానిని 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. కానీ ఆ మేడల సందుల్లో ఇంకా పెద్ద పెద్ద బండలు ఉన్నాయి. అవి గ్రానైటు బండలు. వాటి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. దుర్గం చెరువు ఉంది. కొత్తగూడ దగ్గర కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ ఉంది. చెట్టు, నీళ్ళు, పురుగులు ఉన్న చోట కందిరీగ ఉంటుంది. దానికి అది అడవా, పట్నమా అని తెల్వదు.

కొండ తేనెటీగలకు ఎత్తైన బండ చరియలు ఇష్టం. పట్నంలో అవి ఎత్తైన మేడల చూర్లకు, నీళ్ళ ట్యాంకులకు తుట్టెలు పెడతాయి. వాటికి మేడ కూడా కొండ లాంటిదే. కందిరీగలు మాత్రం వాన తగలని మూల చూసుకుంటాయి. కిటికీ పైన, ఏసీ డబ్బా వెనక, పరంజాకు వాడే ఇనుప గొట్టాల లోపల, పేర్చి పెట్టిన సెంట్రింగు పలకల కింద గూడు పెడతాయి. కొయ్యను నమిలి, ఎంగిలితో కలిపి కాగితం లాంటిది తయారుచేసి గూడు కట్టుకుంటాయి. అందుకే ఆ గూడు బూడిదరంగు అట్ట మాదిరి ఉంటుంది.

2. ఆ రోజు ఏం జరిగింది?

మేము ఉండే రేకుల షెడ్డు పక్కన సెంట్రింగు పలకల దొంతర ఉండె. దాని వెనక చీపురు పడిపోయింది. నేను చూడకుండా చెయ్యి పెట్టినాను. పలక కదిలింది. నా అరచెయ్యంత గూడు దాని కింద ఉంది. అవి ఒక్కసారి లేచినాయి. కుడిచేతి మీద మూడు చోట్ల కుట్టినాయి. కాలిన సూది గుచ్చినట్టు, మీద కారం చల్లినట్టు అనిపించింది. నేను చేతులు ఊపుకుంటూ ఎగిరినాను. అది తప్పు. అట్ల ఊపితే అవి ఇంకా ఎక్కువ వస్తాయి.

పక్క షెడ్డులో పాలమూరు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. ఆమె ఉరికి వచ్చి నన్ను గుంజుకుని పక్కకు తీసుకుపోయింది. అప్పుడు ఒక కందిరీగ ఆమె మెడ మీద కుట్టింది. ఒక్కటే.

నేను బాగా అరిచినాను. షెడ్లలో ఉన్న వాళ్ళందరూ నా చుట్టూ చేరినారు. ఒకామె సున్నం తెచ్చింది, ఒకాయన ఇనుప చువ్వతో రుద్దినాడు. అక్క మాత్రం, "నాకు ఒక్కటే కుట్టింది. పిల్లకు మూడు కుట్టినయ్. పిల్లను చూడుండ్రి" అని చెప్పి, నీళ్ళ డ్రమ్ము పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఏడవలేదు. అరచేతులు గోక్కుంటూ ఉంది. నేను చూసినాను. అలిసిపోయింది అనుకున్నాను. ఇంకొంచెం సేపటికి ఆమె పెదవులు లావు అయినాయి. "గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది" అని చిన్నగా అన్నది. ఆ గొంతు ఆమె గొంతు లాగా లేదు. అయినా ఎవరూ తిరిగి చూడలేదు. ఎందుకంటే అప్పటికీ నేను అరుస్తూనే ఉన్నాను.

గేటు దగ్గర సెక్యూరిటీ అన్న నా అరుపు విని వచ్చినాడు. ఆయన నన్ను చూసి, తర్వాత అక్కను చూసి, నన్ను వదిలిపెట్టి ఆమె దగ్గరికి ఉరికినాడు. ఆయన ఇంతకు ముందు పని చేసిన చోట ప్రథమ చికిత్స తరగతి విన్నాడంట. అక్కను లేవనియ్యలేదు, నడవనియ్యలేదు. నేల మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద సిమెంటు బస్తా పెట్టి, 108కి ఫోన్ చేసినాడు. "కందిరీగ కుట్టింది, ఊపిరి ఆడడం లేదు" అని ఆ రెండు మాటలే ముందు చెప్పినాడు. అంబులెన్సు వచ్చినాక అందులోని అన్న అక్క తొడకు సూది వేసినాడు. కొంచెం సేపటికి ఆమెకు ఊపిరి ఆడింది. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకుని పంపించినారు. అక్క ఇప్పుడు బాగుంది.

ఆ పని జరిగే చోట ప్రథమ చికిత్స పెట్టె లేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టంలోనే ప్రథమ చికిత్స ఏర్పాట్లు ఉండాలని రాసినారు. రాసినది ఒకటి, ఉన్నది ఒకటి.

నాకు అప్పుడు తెలిసింది ఇది. కందిరీగ కుట్టినప్పుడు వచ్చే నొప్పి వేరు, ప్రమాదం వేరు. మూడు కుట్టినా నాది నొప్పే. ఒక్కటే కుట్టినా అక్కది ప్రమాదం. నొప్పిని ఓర్చుకోవచ్చు. ప్రమాదాన్ని ఓర్చుకోకూడదు. ఈ పాఠంలో ఈ రెండూ విడివిడిగా రాస్తాను.

3. కందిరీగ ఎట్ల కుడుతుంది?

కుట్టేది ఆడ కందిరీగే. మగదానికి ముల్లు ఉండదు. గుడ్లు పెట్టే గొట్టమే మారి ముల్లు అయింది. అందుకే ఆడదానికి మాత్రమే ఉంటుంది.

తేనెటీగ ముల్లుకు రంపం మాదిరి పళ్ళు ఉంటాయి. కుడితే మన చర్మంలోనే ఇరుక్కుపోతుంది. విషం తిత్తితో సహా ఊడివస్తుంది. తేనెటీగ చచ్చిపోతుంది. కానీ ఆ తిత్తి తర్వాత కూడా విషం తోస్తూనే ఉంటుంది. కాబట్టి తేనెటీగ ముల్లును వెంటనే తీసేయాలి. గోటితో గీకినా, వేళ్ళతో లాగినా పరవాలేదు. ఎట్ల తీసినామన్నది కాదు, ఎంత తొందరగా తీసినామన్నదే ముఖ్యమని 1996లో శాస్త్రజ్ఞులు తమ మీదనే ప్రయోగం చేసి చూపించారు.

కందిరీగ ముల్లు సాధారణంగా నున్నగా ఉంటుంది. కుట్టి వెనక్కి తీసుకుంటుంది. ఒకటే కందిరీగ మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. కాబట్టి కందిరీగ కుట్టినప్పుడు ముల్లు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ముందు అక్కడి నుంచి దూరంగా పోవాలి.

4. అంత చిన్న పురుగుకు అంత నొప్పి ఎట్ల?

తేనెటీగ ఒకసారి కుడితే దించే విషం 50 నుంచి 140 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. అంటే ఒకటి రెండు ఉప్పు రవ్వలంత. చాలా రకాల కందిరీగలు అంతకంటే తక్కువే దించుతాయి. అంత కొంచెం విషానికి మనం ఊరంతా వినపడేటట్టు ఏడుస్తాము.

ఎందుకంటే ఆ విషంలో ఉన్న పదార్థాలు నేరుగా నొప్పి నాడులను తాకుతాయి. హిస్టమిన్, సెరటోనిన్, కైనిన్లు అనేవి నొప్పిని, మంటను, దురదను పుట్టిస్తాయి. రక్తనాళాలు వెడల్పై నీరు బయటికి ఊరుతుంది. అదే వాపు. ఇంకొన్ని ప్రోటీన్లు చర్మం కింద కణాలను దెబ్బతీసి విషం పాకడానికి దారి చేస్తాయి. ఈ నొప్పి కందిరీగకు ఆయుధం. "నా పిల్లల దగ్గరికి రావద్దు" అని అది ఏనుగుకైనా, మనిషికైనా చెప్పే పద్ధతి ఇదే.

మీకు తెలుసా? అమెరికాలో జస్టిన్ ష్మిట్ (1947–2023) అనే కీటక శాస్త్రజ్ఞుడు రకరకాల పురుగులతో కుట్టించుకుని నొప్పికి 1 నుంచి 4 వరకు మార్కులు వేశాడు. తేనెటీగకు 2 వేశాడు. పెద్ద సాలీళ్ళను వేటాడే ఒక రకం కందిరీగకు 4 వేశాడు. కానీ ఆ 4 మార్కుల నొప్పి దాదాపు 5 నిమిషాల్లో పోతుంది, మనిషికి పెద్ద హాని ఏమీ జరగదు. చూశారా, ఎక్కువ నొప్పి అంటే ఎక్కువ ప్రమాదం అని కాదు.

ఇంకొకటి. మైఖేల్ స్మిత్ అనే విద్యార్థి 2014లో తన ఒంటి మీద 25 చోట్ల తేనెటీగలతో కుట్టించుకుని చూశాడు. ముక్కుపుటం, పై పెదవి బాగా నొప్పి పుట్టే చోట్లలో ఉన్నాయి. తల పైభాగం, కాలి నడిమి వేలి కొస, పై చెయ్యి తక్కువ నొప్పి పుట్టే చోట్లు. మనం మాత్రం ఇట్లాంటి ప్రయోగం చేయకూడదు.

5. నొప్పిని ఎట్ల తట్టుకోవాలి?

వరుసగా ఇట్ల చేయండి.

(1) చేతులు ఊపకుండా, ముఖం కప్పుకుని, తొందరగా దూరం పోవాలి. గది దగ్గరుంటే లోపలికి పోవాలి. మా తాత కూడా ఇదే చెప్పేవాడు: "ఈగను కొట్టకు. కొడితే దాని వాసనకు అన్నీ వస్తాయి." ఇది నిజమే. తేనెటీగ కుట్టినప్పుడు, నలిగినప్పుడు ఒక వాసన వదులుతుంది. అది మిగతా వాటికి పిలుపు.

(2) కుట్టిన చోటును సబ్బుతో, నీళ్ళతో కడగాలి. సబ్బు విషాన్ని తీయదు. చర్మం మీది మురికి లోపలికి పోకుండా కాపాడుతుంది.

(3) చేతికి కుడితే గాజులు, ఉంగరం వెంటనే తీసేయాలి. నేను తీయలేదు. రాత్రికి చెయ్యి బూరె లాగా పొంగింది. మా అమ్మ సబ్బు రాసి గాజు తీయడానికి చాలా కష్టపడింది. ఆ గాజు నొప్పి కందిరీగ నొప్పి కంటే ఎక్కువ అయింది.

(4) చల్లదనం పెట్టాలి. అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. చల్లదనం వల్ల రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు తగ్గుతుంది, నాడులు మొద్దుబారి నొప్పి తక్కువ తెలుస్తుంది. అక్కడ మా అమ్మ కిరాణా కొట్టుకు పోయి ఫ్రిజ్‌లో పెట్టిన పాలప్యాకెట్టు కొనుక్కొచ్చి, టవలుకు చుట్టి నా చేతి మీద పెట్టింది. పది నిమిషాలు పెట్టాలి, పది నిమిషాలు తీయాలి, మళ్ళీ పెట్టాలి. ఐసు ముక్కను నేరుగా చర్మానికి ఆనించకూడదు, చర్మం దెబ్బతింటుంది. మన హాస్టల్లో ఫ్రిజ్ లేదు కాబట్టి కుండ నీళ్ళలో గుడ్డ ముంచి పెట్టాలి. గుడ్డ వేడెక్కగానే మళ్ళీ ముంచాలి. (ఆ పాలప్యాకెట్టుతో తర్వాత చాయ్ పెట్టుకుని తాగినాము.)

(5) చెయ్యి గానీ కాలు గానీ ఎత్తులో పెట్టుకోవాలి. పడుకునేటప్పుడు దుప్పటి మడిచి కింద పెట్టుకుంటే వాపు లాగుడు తగ్గుతుంది.

(6) కుట్టిన చోట గోకకూడదు. కానీ దానికి కొంచెం దూరంలో మెల్లగా నిమరవచ్చు. దీనికి కారణం ఉంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక గేటు లాంటిది ఉందని చెప్పారు. నొప్పి కబురు, తాకిన కబురు రెండూ మెదడుకు పోయే దారిలోనే వెన్నుపాము ఉంది. నిమిరినప్పుడు తాకిన కబురు వచ్చి నొప్పి కబురుకు గేటు కొంచెం మూస్తుంది. దెబ్బ తగిలితే అవ్వ నిమురుతుంది కదా, అది ఉత్త ముద్దు కాదు, అందులో సైన్సు ఉంది.

(7) ఊపిరిని లెక్కపెట్టాలి. నాలుగు లెక్కపెడుతూ పీల్చాలి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఇట్ల చేస్తే గుండె దడ తగ్గుతుంది. భయం తగ్గితే నొప్పి కూడా తక్కువ తెలుస్తుంది. పక్కన ఉన్న వాళ్ళు కూడా "అయ్యో అయ్యో" అనకుండా ఏదైనా కథ చెప్పాలి, పొడుపుకథ వేయాలి. మనసు ఇంకో దిక్కు పోతుంది.

(8) నొప్పికి పారాసిటమాల్, దురదకు సిట్రిజిన్ వంటి బిళ్ళలు ఉన్నాయి. కానీ మన అంతట మనం వేసుకోకూడదు. నర్సు మేడంను అడగాలి. వయసును, బరువును బట్టి ఎంత వేయాలో ఆమె చెప్తారు.

నొప్పి ఎంతసేపు ఉంటుంది? ఇది తెలిస్తే సగం భయం పోతుంది. మొదటి కొన్ని నిమిషాలు మంట బాగా ఉంటుంది. తర్వాత మెల్లగా తగ్గుతూ, చాలామందికి కొన్ని గంటల్లో పోతుంది. మరుసటి రోజు నొప్పి తగ్గి వాపు, దురద పెరుగుతాయి. వాపు రెండో రోజు దాకా పెరగవచ్చు. అది చూసి భయపడవద్దు. వారం లోపల చాలా వరకు తగ్గిపోతుంది. మూడు రోజుల తర్వాత కూడా నొప్పి, ఎరుపు పెరుగుతూ పోతే, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి.

నేను ఆ రాత్రి నిద్ర పట్టక, రేకు మీద పడే నీటి చుక్కలు లెక్కపెట్టినాను. తెల్లారేసరికి మంట లేదు. ముందే ఎవరైనా "రాత్రికి తగ్గుతది బిడ్డా" అని చెప్పి ఉంటే నేను అంత అరిచి ఉండేదాన్ని కాదు.

6. చేయకూడనివి

సున్నం పెట్టకూడదు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. కందిరీగ పుండు పక్కన సున్నం పుండు అవుతుంది.

పేడ అసలే పెట్టకూడదు. పేడలో ధనుర్వాతం క్రిములు ఉండవచ్చు.

బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. విషం అట్ల బయటికి రాదు.

ఇనుముతో రుద్దితే ఏమవుతుంది? ఇనుము చల్లగా ఉంటే ఆ చల్లదనానికి కొంచెం హాయిగా ఉంటుంది. ఇనుములో మందు ఏమీ లేదు. తుప్పు పట్టిన చువ్వతో గట్టిగా రుద్దితే చర్మం గీసుకుపోతుంది.

ఇంకొక అనుమానం మీకు వస్తుంది. ఆమ్లాలు, క్షారాలు పాఠంలో తేనెటీగ విషం ఆమ్లం కాబట్టి తినే సోడా రుద్దాలని చెప్తారు కదా అని. నేను కూడా మేడంను అదే అడిగినాను. మేడం చెప్పింది ఏమిటంటే, విషం చర్మం కిందికి పోయింది, సోడా చర్మం పైన ఉంది, రెండూ కలవవు. పైగా నొప్పి పుట్టించేది ఎక్కువగా ఆమ్లం కాదు, ప్రోటీన్లు, హిస్టమిన్ లాంటి పదార్థాలు. కాబట్టి పరీక్షలో అడిగితే పుస్తకంలో ఉన్నదే రాయండి. కుట్టినప్పుడు మాత్రం చల్లటి గుడ్డ పెట్టండి.

7. అక్కకు ఏమైంది?

దీనిని అలర్జీ అంటారు. బాగా ముదిరితే అనాఫిలాక్సిస్ అంటారు. మన ఒంట్లో రోగాలతో పోరాడే కాపలా ఉంది. కొందరి ఒంట్లో ఆ కాపలా కందిరీగ విషాన్ని చూసి అవసరానికి మించి కోపం తెచ్చుకుంటుంది. ఒళ్ళంతా ఒకేసారి హిస్టమిన్ విడుదల అవుతుంది. గొంతు వాస్తుంది, ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పడిపోతుంది.

ఇది మొదటిసారి కుట్టినప్పుడు కంటే తర్వాతిసారి కుట్టినప్పుడే ఎక్కువగా కనపడుతుంది. ఎందుకంటే మొదటిసారి కాపలా దానిని గుర్తుపెట్టుకుంటుంది. 1902లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పోల్ పోర్టియర్ దీనిని కనిపెట్టారు. సముద్రజీవి విషం మొదటిసారి ఇస్తే తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత చాలా కొంచెం ఇచ్చినా చచ్చిపోయింది. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

అక్కకు అంతకు ముందు ఏడు కూడా కందిరీగ కుట్టిందంట. అప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినాయంట. దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుందని ఎవరికీ చెప్పలేదంట. డాక్టరు అడిగితేనే బయటపడింది.

తొడకు వేసిన సూది మందు పేరు ఎడ్రినలిన్. అది గొంతు వాపును తగ్గిస్తుంది, ఊపిరి గొట్టాలను తెరుస్తుంది, పడిపోయిన రక్తపోటును లేపుతుంది. అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు అదే. సున్నం, ఉల్లిగడ్డ, పసరు, మంత్రం ఆ పని చేయలేవు. సిట్రిజిన్ బిళ్ళ కూడా చేయలేదు.

8. ఈ లక్షణాలు కనపడితే ఆగకూడదు

ఇవి ఎక్కువగా కుట్టిన కొన్ని నిమిషాల నుంచి ఒకటి రెండు గంటల లోపల వస్తాయి.

కుట్టిన చోట కాకుండా ఒళ్ళంతా దద్దుర్లు, అరచేతుల్లో అరికాళ్ళలో దురద.
పెదవులు, నాలుక, కనురెప్పలు వాయడం.
గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, పిల్లికూతలు, ఆయాసం.
కళ్ళు తిరగడం, ఒళ్ళు చల్లబడడం, సొమ్మసిల్లడం.
వాంతులు, కడుపులో నొప్పి.

వీటిలో ఊపిరికి, గొంతుకు, స్పృహకు సంబంధించినది ఒక్కటి కనపడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ 108 సేవ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. డబ్బులు అడగరు. ఫోన్‌లో ఊరి పేరు, గుర్తు, ఏం కుట్టింది, ఊపిరి ఎట్ల ఉంది అని చెప్పాలి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టాలి. ఆయాసం ఎక్కువ ఉంటే ఆనించి కూర్చోబెట్టవచ్చు. నిలబెట్టకూడదు, నడిపించకూడదు. వాంతి వస్తుంటే ఒక పక్కకు తిప్పాలి. నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇంకా, నోటి లోపల గానీ, గొంతులో గానీ, కంటి మీద గానీ కుట్టినా, ఒకేసారి చాలా కుట్టినా లక్షణాల కోసం చూడకుండానే ఆసుపత్రికి పోవాలి. ఎక్కువ విషం చేరితే అలర్జీ లేకపోయినా మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

9. మనం ఏం చేయాలి?

చెట్లు, చూర్లు ఉన్న మన బడిలో కందిరీగ ఉంటుంది. అది పంటను తినే గొంగళిపురుగులను పట్టుకుపోయి తన పిల్లలకు పెడుతుంది. కాబట్టి అది ఊరికే ఉన్న చోట దానిని ఉండనివ్వాలి. రాళ్ళు వేయకూడదు, కట్టెతో పొడవకూడదు. మనం తిరిగే దారిలో, నీళ్ళు పట్టే దగ్గర గూడు ఉంటే వార్డెన్ మేడంకు చెప్పాలి. తెలిసిన పెద్దవాళ్ళు తీస్తారు. పేర్చి పెట్టిన కట్టెలు, పాత బెంచీల కింద చూడకుండా చెయ్యి పెట్టకూడదు.

మన ప్రథమ చికిత్స పెట్టె ఆఫీసు గదిలో ఉంది. రాత్రి పూట ఆ గదికి తాళం వేస్తారు. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో ప్రతి గదిలో రాసి పెట్టాలని, 108 నంబరు వరండా గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలని మేడంను అడుగుదాము. ఇంతకు ముందు పురుగు కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చిన వాళ్ళు ఉంటే సిగ్గుపడకుండా నర్సు మేడంకు ఇప్పుడే చెప్పండి.

ఈసారి ఎవరినైనా కందిరీగ కుడితే అందరం ఒకరి చుట్టూనే చేరవద్దు. ఒకరు చల్లటి గుడ్డ తెండి. ఇంకొకరు కుట్టిన వాళ్ళందరి ముఖాలూ చూడండి. ఏడుస్తున్న వాళ్ళకు ఊపిరి ఆడుతోందని తెలుస్తుంది. మాట్లాడకుండా పక్కకు పోయి కూర్చున్న వాళ్ళ దగ్గరికి ముందు పోయి, "నీకు ఎట్లుంది?" అని అడగండి. ఆ రోజు నేను అక్కను అడగలేదు.

ప్రశ్నలు

1. కందిరీగ ముల్లుకు, తేనెటీగ ముల్లుకు తేడా ఏమిటి?
2. చల్లటి గుడ్డ పెడితే నొప్పి ఎందుకు తగ్గుతుంది?
3. సున్నం, పేడ ఎందుకు పెట్టకూడదు?
4. ఓర్చుకోవలసినవి మూడు, ఓర్చుకోకూడనివి మూడు రాయండి.
5. మన హాస్టల్లో ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడ ఉంది? రాత్రి పూట దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? (జవాబు పుస్తకంలో లేదు. వార్డెన్ మేడంను అడిగి రాయండి.)

– 9వ తరగతి విద్యార్థిని